చల్లారుతూ తనంతట తానే అల్లుకునే డీఎన్ఏ

డీఎన్ఏ అనగానే వారసత్వం గుర్తొస్తుంది. ఆ సంగతి కాసేపు మరిచిపోయి దాన్ని ఒక దారంలా చూడండి. జంటపోగు మందం 2 నానోమీటర్లు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు). దాని మీద ఉండేవి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. ఎకు జోడీ టి, జికి జోడీ సి. అక్షరాల వరుసను మనమే రాసి పోగును తయారు చేయించుకుంటే, అది ఎవరితో అతుక్కోవాలో ముందే నిర్ణయించినట్టే.

1980ల మొదట్లో స్ఫటికాలను అధ్యయనం చేసే శాస్త్రవేత్త నెడ్ సీమన్‌కు ఈ ఆలోచన వచ్చింది. ప్రోటీన్లు స్ఫటికాలుగా మారక ఆయన తంటాలు పడుతున్నారు. వాటిని వరుసగా నిలబెట్టే పంజరాన్ని డీఎన్ఏతో అల్లవచ్చు కదా అనుకున్నారు. కానీ జంటపోగు ఒక గీత మాత్రమే, పంజరానికి కొమ్మలు చీలే కూడళ్లు కావాలి. అలాంటి కూడళ్లతో ఆయన బృందం 1991లో ఒక ఘనాన్ని కట్టింది.

2006లో పాల్ రోత్‌మండ్ అనే శాస్త్రవేత్త దారి సులువు చేశారు. ఒక వైరస్ నుంచి 7 వేలకు పైగా అక్షరాలున్న ఒంటిపోగు తీసుకుని, దానికి 200కు పైగా పొట్టి పోగులు కలిపారు. ఒక్కో పొట్టి పోగు పొడవు పోగులో దూరదూరంగా ఉన్న చోట్లను పట్టి దగ్గరికి లాగుతుంది. అన్నీ లాగితే, సుమారు 100 నానోమీటర్ల నవ్వు ముఖం! కాగితం మడిచి బొమ్మలు చేసే జపాన్ కళ ఒరిగామి పేరు మీద దీన్ని డీఎన్ఏ ఒరిగామి అంటారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం ఆ బొమ్మ తయారయ్యే తీరు. పోగులన్నీ కలిపిన ఉప్పునీటిని 95 డిగ్రీల దాకా వేడిచేసి మెల్లగా చల్లారుస్తారు. వేడిలో జతలన్నీ విడిపోతాయి. చల్లారుతుంటే మళ్లీ కలుస్తాయి. తప్పుగా కలిసినవాటి పట్టు బలహీనం, కాబట్టి ఆ వేడికి ఊడిపోతాయి, సరైన జోడీలు నిలుస్తాయి. తప్పులు దిద్దే పని వేడిదే. డీఎన్ఏకు రుణావేశం ఉంటుంది గనుక పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఆ వికర్షణను నీటిలోని మెగ్నీషియం అణచిపెడుతుంది. పొట్టి పోగులను కావాల్సినదానికంటే ఎక్కువే వేస్తారు, చోటు దొరకనివి విడిగా ఉండిపోతాయి. అంత కచ్చితమైన ఆకారానికి కొలతల్లో ఇంత వెసులుబాటు ఉండడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

2009లో మూత తెరుచుకునే పెట్టె వచ్చింది. 2012లో కొన్ని కణాల గుర్తులు తగిలితేనే తెరుచుకుని సరుకు బయటపెట్టే పీపా వచ్చింది. ఒంట్లోకి మందు చేరవేయడానికి ఇలాంటివి పనికొస్తాయని ఆశ. అయితే రక్తంలోని ఎంజైములు డీఎన్ఏను తెంపేస్తాయి, అక్కడ మెగ్నీషియమూ తక్కువే. అందుకే వీటికి రక్షణ పూతలు వేసి చూస్తున్నారు.

డీఎన్ఏకు దగ్గరి బంధువైన ఆర్ఎన్ఏతో మరో దారి దొరికింది. ఎంజైము పోగును ఒక చివర అల్లుతుండగానే, అప్పటికే అల్లిన భాగం మడత పడేలా 2014లో రూపకల్పన చేశారు. దానికి వేడిచేసి చల్లార్చే పని కూడా లేదు.