స్విచ్ నొక్కని పరీక్ష: ఎక్స్‌రే ప్రాక్టికల్లోకి వీఆర్ ఎలా వచ్చింది

ఎక్స్‌రే తీసే టెక్నీషియన్ల లైసెన్సు ప్రాక్టికల్లో అభ్యర్థికి వీఆర్ (కంప్యూటర్ గీసిన గదినీ రోగినీ కళ్ళముందు నిలిపే) హెడ్‌సెట్ తగిలించాలా, ఎదుట నిజం మనిషినే నిలబెట్టాలా అన్న పేచీ మళ్ళీ పైకొచ్చింది. 2021 మార్చి 28న రాష్ట్రపతి ఆమోదం పొందిన జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం దేశమంతటికీ ఒకే తీరు ఎగ్జిట్ లేదా లైసెన్సు పరీక్ష అంది. హెడ్‌సెట్ మాట అందులో లేదు. శ్రీకాకుళంలోనో విశాఖలోనో చదివి ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం ఆస్పత్రుల్లో చేరాలనుకునే తెలుగు పిల్లలకు ఆ 'ఒకే తీరే' ఆశ, అదే భయం.

అసలు మలుపు 2021 కాదు, 1977. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం తన 26వ ప్రచురణలో, నికరంగా మేలు లేనిచోట రేడియేషన్ వాడకూడదన్న సూత్రాన్ని ఆ ఏడాదే స్థిరపరిచింది. పరీక్ష రాయడమన్నది రోగికి మేలు కాదు కదా! అంచేత పరీక్ష కోసం నిలబెట్టిన మనిషి మీదికి కిరణం వదిలే ట్యూబును సరిచేయడం వరకే. స్విచ్ నొక్కరు, బొమ్మ రాదు. ఫాంటమ్ (మనిషి ఒంటికి బదులు వాడే బొమ్మ) మీద నొక్కొచ్చు గానీ అది ఊపిరి పీల్చదు, కదలదు. దీనికితోడు ఫిలిం పోయింది. ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిలిం నల్లబడి తప్పు పట్టిచ్చేది. డిజిటల్ డిటెక్టర్ వచ్చాక కంప్యూటరే సర్ది చక్కని బొమ్మ చూపిస్తుంది; డోసు మాత్రం రోగికి పడనే పడుతుంది.

వీఆర్ పూడ్చేది ఈ గుంతనే. ఛాతీ పీఏకి (వీపు వైపునుంచి కిరణం పంపి తీసే ఛాతీ ఎక్స్‌రేకి) ట్యూబుకూ డిటెక్టరుకూ మధ్య దూరం 180 సెం.మీ. ఎమ్ఏఎస్ (ట్యూబు ఎంత రేడియేషన్ వదలాలో చెప్పే అంకె) మార్చకుండా దాన్ని 100 సెం.మీ. దగ్గర వదిలేస్తే డిటెక్టరు మీద పడే రేడియేషన్ 3.24 రెట్లు. హెడ్‌సెట్‌లో ఆ అంకె వెంటనే కనబడుతుంది. భుజాలు ముందుకు తిప్పించకపోతే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద పడటం, ఒళ్ళు తిరిగితే జత్రుకల (కాలర్ ఎముకల) లోపలి కొనలు వెన్నుముల్లుకు చెరో దూరంలో కనబడటం కూడా చూపించవచ్చు.

ఇంతవరకూ హెడ్‌సెట్ వాళ్ళ మాట సబబే. చేతి సంగతి వేరు. కిరణం ఎక్కడ పడాలో కంటితో తేలదు. ఛాతీ ఎక్స్‌రేకి తల వంచమని, మెడ వెనక పొడుచుకొచ్చే ఎముకను వేలితో పట్టుకుని, అక్కడినుంచి ఆడవాళ్ళకు సుమారు 18, మగవాళ్ళకు 20 సెం.మీ. కిందికి కొలుస్తారు. నడుము ఎక్స్‌రేకి తుంటి ఎముక అంచు తడిమితే నాలుగో కటి వెన్నుపూస దొరుకుతుంది. స్థూలకాయుల్లో ఆ అంచు కోసం వేళ్ళు గట్టిగా దించాలి. వీఆర్‌లో చేత్తో పట్టుకునే కంట్రోలర్ వణుకుతుంది, నిజమే. ఎముక తగిలినా కండ తగిలినా అదే వణుకు. తెరమీద సరైన చోటు రంగు మారిందాకా చెయ్యి జరిపి మార్కులు తెచ్చుకున్నవాడికి మంచం మీద రంగు మారే రోగి దొరకడు.

పరికరాల గొడవలు చిన్నవే గానీ మార్కులు తినేస్తాయి. క్వెస్ట్ 2 అనే హెడ్‌సెట్‌లో కటకాల ఎడానికి 58, 63, 68 మి.మీ. అని మూడే మెట్లు. కుదరకపోతే మసక, ఆపైన తల తిప్పు. కిటికీ ఎండ పడినా, గది చీకటైనా ట్రాకింగ్ (తల, చేతుల కదలికను హెడ్‌సెట్ పసిగట్టడం) తప్పుతుంది. అంతకుముందెన్నడూ తగిలించుకోనివాడికి ట్రిగ్గరేదో పట్టు బటనేదో తెలిసేసరికే పుణ్యకాలం గడుస్తుంది.

అన్నిటికన్నా తక్కువ చర్చ జరిగింది, ఊపిరి పీల్చమని రోగికి చెప్పే మాట గురించి. ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒకే పూట తెలుగు, ఒడియా, సవర మాట్లాడే రోగులు వరసలో ఉంటారు. మన పాఠాల్లో నిశ్వాసమంటే వదిలే ఊపిరి. ఒడియా వాడుకలో 'నిశ్వాస్ నియ' అంటే పీల్చమని. ఇది తెలియక తడబడితే రోగి సగం ఊపిరితో నిలబడతాడు, ఉదరవితానం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) పైన పది వెనక పక్కటెముకలు కనబడవు, ఎక్స్‌రే మళ్ళీ తీయాలి. హెడ్‌సెట్‌లోని రోగి మాత్రం బటన్ నొక్కగానే నిండుగా పీల్చి బిగబడతాడు.