21 శాతం లెక్క వెనక కథ

హెర్బల్ మాత్రల నాణ్యత మీద రగడ లేచిన ప్రతిసారీ ఒక అంకె తిరుగుతుంది: పరీక్షల్లో అసలు మూలిక దొరికింది 21 శాతమే అని. 2015 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి) ఎరిక్ ష్నైడర్‌మన్ బయటపెట్టిన లెక్క అది. అమెరికా దుకాణ సంస్థలు జీఎన్‌సీ, టార్గెట్, వాల్‌మార్ట్, వాల్‌గ్రీన్స్ సొంత బ్రాండ్ల సీసాలు 78 కొనిపించి, డీఎన్‌ఏ బార్‌కోడింగ్ పద్ధతిలో, అంటే చిన్న డీఎన్‌ఏ ముక్కను బట్టి అది ఏ మొక్కో గుర్తుపట్టే పద్ధతిలో, 390 పరీక్షలు చేయించారు. వాల్‌గ్రీన్స్ అమ్మే జిన్సెంగ్ (ఒక మూలిక వేరు) మాత్రల్లో వెల్లుల్లి, బియ్యం కనిపించాయి గానీ జిన్సెంగ్ లేదన్నారు. అమ్మకాలు ఆపమని నోటీసులు వెళ్లాయి.

మందుమొక్కల రసాయన శాస్త్రం తెలిసినవాళ్లు అప్పుడే తల పట్టుకున్నారు. ఆ మాత్రల్లో చాలావాటిలో ఉండేది ఆకుపొడి కాదు, సారం. మూలికను వేడిచేసి, ద్రావకాల్లో నానబెట్టి, వడగట్టి తీస్తారు. ఆ పనిలో డీఎన్‌ఏ ముక్కలైపోతుంది, పిప్పితో పాటు పోతుంది. కషాయం వడగట్టాక గిన్నెలో ఆకు వెతికితే ఏం దొరుకుతుంది? ఉండాల్సిన రసాయనం ఉందో లేదో క్రోమటోగ్రఫీ, అంటే రసాయనాల్ని విడదీసి చూసే పరీక్ష, చెబుతుంది, అది చేయించలేదు. పూర్తి నివేదిక చూపమని కంపెనీలు అడిగితే అదీ బయటికి రాలేదు. కంపెనీల మీద జాలి అక్కర్లేదు గానీ, ఇక్కడ వాళ్ల మాటలో న్యాయం ఉంది.

అసలు మలుపు దీనికి రెండేళ్ల ముందుది. 2013లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ బృందం 12 కంపెనీల 44 ఉత్పత్తులు పరీక్షించి, 59 శాతంలో లేబుల్ మీద లేని మొక్కలున్నాయని బీఎంసీ మెడిసిన్ పత్రికలో రాసింది. న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఎత్తుకుంది. ఆ కథనం చూసే న్యూయార్క్ విచారణ మొదలైంది. అంటే దావాలు, నోటీసులు అన్నిటికీ పునాది ఆ ఒక్క పేపరు.

దాని ముడి డేటా చూపమని గట్టిగా అడగడానికి 2021 దాకా పట్టింది. ఆ ఏడాది ఎనిమిది మంది శాస్త్రవేత్తలు ఆ డేటా నమ్మదగింది కాదని విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు చేశారు. డీఎన్‌ఏ బార్‌కోడింగ్‌కి ఆద్యుడైన పాల్ హెబర్ట్ వారిలో ఒకరు. 2013 పేపరు రాసిన బృందానికి నాయకుడు స్టీవెన్ న్యూమాస్టర్ ఆరోపణల్ని ఖండించారు. అక్రమం రుజువు కాలేదని 2022లో విశ్వవిద్యాలయం తేల్చింది, ఆయన విచక్షణను మాత్రం తప్పుపట్టింది.

ఇక 2015 మార్చిలోనే జీఎన్‌సీ రాజీకి వచ్చేసింది. సారం తీయకముందే, ముడి మొక్క దగ్గరే డీఎన్‌ఏ పరీక్ష చేస్తామంది. తయారీ నియమాలను కంపెనీ తప్పినట్టు ఆధారాల్లేవని నోటీసులిచ్చిన అటార్నీ జనరల్ కార్యాలయమే ఒప్పుకుంది. దుకాణాల్లో బోర్డులు పెట్టాలన్నది ఇంకో షరతు: ఏది మొక్క పొడి, ఏది సారం, రెండిటికీ తేడా ఏమిటి అని.