సి3 తగ్గితే రోగనిరోధక శక్తి పోయినట్టేనా? కాంప్లిమెంట్‌పై అపోహలు - వాస్తవాలు

ల్యాబ్‌లో ఇమ్యునాలజీ పరీక్షలు చూసే నన్ను, రిపోర్టు అందుకున్న తల్లిదండ్రులు సి3 గురించి అడగని వారం ఉండదు. రక్తంలో ఉండి సూక్ష్మజీవులతో పోరాడే ప్రోటీన్ల జట్టే కాంప్లిమెంట్; సి3, సి4, సి5 అందులోవే. ఆ సందేహాల వెనుక మూడు అపోహలు కనిపిస్తాయి.

అపోహ: యాంటీబాడీలు తయారయ్యాకే కాంప్లిమెంట్ పనిచేస్తుంది.

వాస్తవం: ఈ అభిప్రాయానికి మూలం దాన్ని కనుగొన్న తీరులోనే ఉంది. రోగనిరోధకత పొందిన జంతువు సీరమ్‌ను సుమారు 55 డిగ్రీలకు వేడిచేస్తే సూక్ష్మజీవులను చంపే గుణం పోతుందని, వేడిచేయని మామూలు సీరమ్ కాస్త కలిపితే ఆ గుణం తిరిగి వస్తుందని 1890లలో శాస్త్రవేత్త జూల్ బోర్డే చూపారు. యాంటీబాడీకి తోడు నిలిచే ఆ పదార్థానికి మరో శాస్త్రవేత్త ఎర్లిక్ ‘కాంప్లిమెంట్’ అని పేరు పెట్టారు. ఆ తేడాను ఈనాటికీ మా బల్లమీద కంటితో చూడవచ్చు: యాంటీబాడీ పట్టించిన గొర్రె ఎర్రకణాలున్న మసక ద్రావణంలో తాజా సీరమ్ పోసి 37 డిగ్రీల వద్ద ఉంచితే కాసేపటికి కణాలు పగిలి అది తేటపడి ఎర్రగా మెరుస్తుంది, ముందే వేడిచేసిన సీరమ్ పోస్తే కణాలు చెక్కుచెదరకుండా గొట్టం అడుగుకు దిగిపోతాయి. అయితే యాంటీబాడీ చూపేది ఒక దారి మాత్రమే. సూక్ష్మజీవి పైపొరలోని చక్కెరలను గుర్తుపట్టే లెక్టిన్ మార్గమూ, రక్తంలో ఎప్పుడూ కొద్దికొద్దిగా నడుస్తూనే ఉండే ప్రత్యామ్నాయ మార్గమూ దానికోసం ఆగవు.

అపోహ: సూక్ష్మజీవికి రంధ్రం చేసి చంపడమే దాని పని.

వాస్తవం: స్టెఫైలోకాకస్ వంటి గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా మందపాటి గోడను ఆ రంధ్రం దాటలేదు. నా దృష్టిలో అసలు పని సూక్ష్మజీవిపై సి3బి (సి3 నుంచి విడివడే ముక్క) ముద్ర వేయడమే. ఆ ముద్ర పడిన సూక్ష్మజీవిని న్యూట్రోఫిళ్లు అనే తెల్లకణాలు తేలికగా పట్టి మింగుతాయి. రంధ్రం తప్పనిసరిగా కావలసింది మెదడు పొరల వాపు తెచ్చే మెనింజోకాకస్ వంటి నైసీరియా బాక్టీరియాల విషయంలో. అందుకే రంధ్రం చేయడానికి అవసరమైన సి5ను అడ్డుకునే ఎకులిజుమాబ్ మందు మొదలుపెట్టడానికి, అత్యవసరం కాకపోతే, కనీసం రెండు వారాల ముందే మెనింజోకాకల్ టీకా వేస్తారు.

అపోహ: సి3 తగ్గిందంటే ఒంట్లో శక్తి లేదు, టానిక్ పట్టాలి.

వాస్తవం: పుట్టుకతో సి3 లోపించడం చాలా అరుదు. ఎక్కువసార్లు అది తయారుకాక కాదు, ఖర్చయిపోయి తగ్గుతుంది. చర్మంమీద స్ట్రెప్టోకాకస్ పుండ్లు వచ్చిన కొన్ని వారాలకు, తెల్లవారేసరికి కళ్లచుట్టూ ఉబ్బి, మూత్రం టీ డికాషన్ రంగులో పోసే పిల్లవాడి రిపోర్టులో సి3 పడిపోయి ఉంటుంది, సి4 మాత్రం చాలావరకు మామూలుగానే ఉంటుంది. రెండూ తగ్గితే వైద్యులు లూపస్‌ను (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు) కూడా అనుమానిస్తారు. టానిక్‌తో సి3 పెరగదు. పుండ్ల తర్వాత వచ్చిన కిడ్నీ వాపే అయితే సాధారణంగా 6 నుంచి 8 వారాల్లో దానంతట అదే మామూలు స్థాయికి వస్తుంది. అప్పటికీ రాకపోతే వేరే కిడ్నీ జబ్బు కోసం వెతకవలసి ఉంటుంది కనుక రెండో పరీక్ష మొదటిదానికన్నా ముఖ్యం. వాపు తీసి బిడ్డ ఆడుకుంటున్నాడని దాన్ని మానేసేవారిని చూసి చూసి, ఇప్పుడు రిపోర్టు చేతికిచ్చేటప్పుడే వైద్యులు చెప్పిన తదుపరి పరీక్ష తేదీని దానిమీద పెద్ద అక్షరాలతో రాసి ఇస్తున్నాను.