సంతానం కోసం ఎదురుచూసే విశ్వాసులకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మా దగ్గరికి వచ్చే క్రైస్తవ దంపతుల ఫైల్‌లో స్కాన్ రిపోర్టుల మధ్య తరచుగా ఒక చిన్న కార్డు కనిపిస్తుంది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసిన వాగ్దాన వచనం, అంటే కొత్త ఏడాదికి దేవుడిచ్చిన మాటగా దాచుకునే బైబిల్ వాక్యం. నేను గైనకాలజిస్టుని, విశ్వాసిని కూడా. ఆ కార్డుతో నాకు ఏ ఇబ్బందీ లేదు. దానితోపాటు మోసుకొచ్చే కొన్ని మాటలతోనే ఇబ్బంది.

అపోహ: ఏదో పాపం అడ్డుగా ఉంది, ఒప్పుకుంటే గర్భం తెరుచుకుంటుంది.

భర్త బిల్లు కట్టడానికి బయటికి వెళ్లగానే కొందరు గొంతు తగ్గించి అడుగుతారు: "మేడమ్, పెళ్లికి ముందు ఒకసారి అబార్షన్ అయింది. దేవుడు అందుకే ఇలా చేస్తున్నాడా?"

వైద్యపరంగా చెప్పాలంటే, సరైన చోట జాగ్రత్తగా చేసిన అబార్షన్ వల్ల సాధారణంగా పిల్లలు పుట్టకుండా పోరు. తర్వాత ఇన్‌ఫెక్షన్ వస్తే మాత్రం అండం గర్భాశయానికి చేరే ట్యూబులు మూసుకుపోవచ్చు. కాబట్టి ఆ విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. అది మా దగ్గరే ఉంటుంది, అత్తగారి దాకా పోదు. మేము చూసే కారణాలు వేరే ఉంటాయి: అండం విడుదల కాకపోవడం, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య), ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరగడం), మన దేశంలో ఇంకా కనిపించే గర్భాశయ టీబీ, వయసుతో అండాలు తగ్గిపోవడం. కొందరికి అన్ని పరీక్షలూ నార్మల్‌గానే వస్తాయి. అలా రావడం కూడా ఏ పాపానికీ రుజువు కాదు.

ఇక వాక్యం సంగతి. జెకర్యా, ఎలీసబెతు ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులని లూకా ముందు చెప్పి, వాళ్లకు పిల్లలు లేరని ఆ తర్వాతే రాశాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి "ఎవరి పాపం?" అని శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, కన్నవాళ్లదీ కాదు అన్నాడు యేసు. ఇదంతా బైబిల్లో ఉండగానే స్త్రీల కూడికలో ఒక చెల్లెలి వైపు తిరిగి "ఇంకా ఏమైనా విశేషం ఉందా?" అని అడిగేవాళ్లకు లోటు లేదు.

అపోహ: మందులు వాడితే విశ్వాసం లేనట్టే.

గుంటూరు ప్రాంతంలో ఈ మాట వింటే నాకు మరీ ఆశ్చర్యం. 1883లో ఇక్కడికి వచ్చిన లూథరన్ మిషనరీ అన్నా కుగ్లర్ స్వయంగా డాక్టర్. స్త్రీల కోసం ఆమె మొదలుపెట్టిన ఆస్పత్రిని జనం ఇప్పటికీ కుగ్లర్ ఆస్పత్రి అనే అంటారు. సువార్త, వైద్యం మన ఊళ్లకు ఒకే చేతి మీదుగా వచ్చాయి.

ఏడాది పాటు క్రమంగా కలిసి ఉన్నా గర్భం రాకపోతే పరీక్షలు చేయించుకోవాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే రావాలి. నెలసరి సక్రమంగా రాకపోతే అంతకాలం కూడా ఆగొద్దు. "ఇంకో సంవత్సరం ప్రార్థనలో ఎదురుచూద్దాం" అనే మాట 26 ఏళ్ల అమ్మాయి విషయంలో చెల్లుతుందేమో కానీ 38లో చాలా ఖరీదైనది.

ఉపవాసం ఉండే వాళ్లు ముందే చెప్పండి. పీసీఓఎస్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ లాంటి మాత్రలు ఆహారంతో వేసుకోవాలి, వేళలు సర్దుతాం. ట్రిగ్గర్ ఇంజెక్షన్ అంటే ఐవీఎఫ్‌లో (అండాన్ని శరీరం బయట ఫలదీకరించే చికిత్స) అండాలు తీసే సమయానికి సుమారు 36 గంటల ముందు ఇచ్చేది. మేము రాసిచ్చిన సమయం రాత్రి పదిన్నర అయితే ఆల్‌నైట్ ప్రేయర్‌లో ఉన్నా పదిన్నరకే పడాలి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, పాస్టర్ గారేమీ అనుకోరు.

అపోహ: లోపం ఆడవాళ్లదే.

దాదాపు సగం జంటల్లో పురుషుడి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్ష తేలిక, ఖర్చు తక్కువ. రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్కలనం లేకుండా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. అయినా భార్యకు లాప్రోస్కోపీ (పొట్టలోకి కెమెరా పంపి చూసే ఆపరేషన్) దాకా అయిపోయి, భర్తకు ఈ ఒక్క పరీక్షా జరగని ఫైళ్లు ఇప్పటికీ వస్తున్నాయి. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఆమధ్య బాగా జ్వరం వచ్చి ఉంటే కౌంట్ తగ్గొచ్చు, మూడు నెలలాగి మళ్లీ చేయించాలి. జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునే తమ్ముళ్లూ, మగతనం పెరుగుతుందనుకుంటున్న ఆ మందు వీర్యకణాల తయారీనే ఆపేస్తుంది.

అపోహ: ఐవీఎఫ్ విషయంలో సంఘాలన్నిటిదీ ఒకే మాట.

కాదు. కాథలిక్ సంఘం 1987లో ఒక అధికారిక పత్రంలో ఐవీఎఫ్‌ను తప్పని స్పష్టం చేసింది. అండం విడుదలకు మాత్రలు, ట్యూబుల సర్జరీ లాంటివాటికి అభ్యంతరం లేదు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఒకే నిర్ణయమంటూ లేదు. మీ మనస్సాక్షికి పిండాల విషయం బరువుగా ఉంటే ఎన్ని అండాలను ఫలదీకరించాలి, మిగిలిన పిండాలను ఏం చేయాలి అన్నది మొదలుపెట్టకముందే అడగండి. ఐవీఎఫ్ లాంటి చికిత్సలపై వచ్చిన 2021 చట్టం ప్రకారం పిండాలను పదేళ్ల వరకే నిల్వ ఉంచవచ్చు. కన్సెంట్ ఫారం చదవకుండా సంతకం పెట్టొద్దు.

అపోహ: విశ్వాసం గట్టిగా ఉంటే బిడ్డ తప్పకుండా పుడుతుంది.

నేను ఎక్కువ కన్నీళ్లు చూసేది దీని దగ్గరే. పిండం లోపల పెట్టాక రక్తపరీక్షకు సుమారు రెండు వారాలు ఆగాలి. ఆ రోజుల్లోనే బిడ్డకు పేరు పెట్టి, "పొందుకున్నాం" అని సంఘంలో సాక్ష్యం చెప్పేస్తారు. రిపోర్టు నెగెటివ్ వస్తే బిడ్డ లేదన్న దుఃఖం ఒకటి, "నా విశ్వాసం చాలలేదు" అన్న నింద మరొకటి. చిన్న వయసు వాళ్లకు కూడా ఐవీఎఫ్ సైకిల్ విఫలం కావడం మామూలే, నలభై దాటాక సొంత అండాలతో ఫలితం బాగా పడిపోతుంది. ప్రార్థన లోతును బీటా హెచ్‌సీజీ, అంటే ఆ గర్భ నిర్ధారణ రక్తపరీక్ష, కొలవదు.

పిల్లల్లేక ఏడ్చిన హన్నా కథను అందరూ సమూయేలు పుట్టుకతో చెబుతారు. నన్ను పట్టుకునేది అంతకుముందు వచనం. మందిరంలో ఆమె పెదవులు కదలడం చూసి యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఆమె తన దుఃఖాన్ని దేవుని ముందు కుమ్మరించి, వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దిగులు పోయింది. అప్పటికి గర్భం రాలేదు, వస్తుందో లేదో తెలియదు. ఆమెకు నిరీక్షణ దొరికింది ఆ పూటే. పౌలు తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. ఆయన విశ్వాసం తక్కువని మనలో ఎవరూ అనరు కదా.

వారాల తరబడి నిద్ర, తిండి లేకపోయినా, చచ్చిపోవాలనిపించినా అది డిప్రెషన్ కావచ్చు. మానసిక వైద్యుణ్ణి కలవండి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. "నాకు పిల్లలనివ్వు, లేకపోతే చచ్చిపోతాను" అని యాకోబుతో అన్న రాహేలుకు ఆ నంబరు లేదు, మీకు ఉంది.

అపోహ: ఒక బిడ్డను పెంచుకుంటే సొంత బిడ్డ పుడుతుంది.

అలా జరిగిన రెండు ఇళ్లు ఊరంతా గుర్తుంచుకుంటుంది, జరగని ఇళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. దత్తత వైద్యం కాదు. కారణం దొరకని కొన్ని జంటలకు ఎలాగైనా తర్వాత గర్భం వస్తుంటుంది, అంతే.

బిడ్డ కావాలనే దత్తత తీసుకోవాలనుకుంటే జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతం వాళ్లయినా పూర్తి తల్లిదండ్రులు కావచ్చు. క్రైస్తవులకు గార్డియన్‌షిప్ మాత్రమే దక్కుతుందనేది పాత మాట. పెళ్లయి రెండేళ్లు నిండాలి, దత్తతను పర్యవేక్షించే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఇద్దరి వయసులూ కలిపి 85 దాటితే రెండేళ్లలోపు బిడ్డను ఇవ్వరు, కాబట్టి ఆలోచన ఉంటే మరీ నాన్చొద్దు. నర్సింగ్‌హోమ్ నుంచో తెలిసినవాళ్ల ద్వారానో చేతులు మారే పసిబిడ్డను తెచ్చుకోవడం నేరం, పాస్టర్ గారితో ప్రార్థన చేయించి తెచ్చుకున్నా సరే.