కోతిలో కనిపించని రెండో సంకేతం

కొత్త మందును మనిషికి ఇచ్చే ముందు జంతువులపై పరీక్షించడం ఇంకా అవసరమా అన్న వాదం మళ్లీ రాజుకుంది. హైదరాబాదుకు ఇది ఇంటి తగవు లాంటిదే. కోతుల వంటి పెద్ద జంతువులపై పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నెలకొల్పిన జాతీయ కేంద్రం జీనోమ్ వ్యాలీలో ఉంది. వాటి బదులు మానవ కణాల నమూనాలను ముందుకు తేవాలంటున్న కేంద్రం ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారి అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో పనిచేస్తోంది.

2025 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జంతు పరీక్షలను దశలవారీగా తగ్గిస్తామని ప్రకటించినప్పుడు మోనోక్లోనల్ యాంటీబాడీలతో, అంటే శరీరంలోని ఒకే లక్ష్యానికి అతుక్కునేలా తయారుచేసిన ప్రొటీన్ మందులతో మొదలుపెట్టింది. ఆ మందులతోనే ఎందుకు? నా దృష్టిలో ఈ ప్రశ్నకు జవాబు 2006 మార్చి 13న లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో జరిగిన ఒక మందు పరీక్షలో దొరుకుతుంది.

టి కణం అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణం. దాని గురించి ఒక్క సంగతి గుర్తుంటే చాలు. సిగ్నల్ పడినా గార్డు పచ్చజెండా ఊపితే గాని రైలు కదలదు. టి కణానికీ అంతే. సూక్ష్మజీవి ముక్కను గుర్తుపట్టడం మొదటి సంకేతం. ఆ ముక్కను చూపించే కణం మీది బీ7 అణువు, టి కణం మీది సీడీ28 అనే అణువును తాకడం రెండోది. రెండోది అందకపోతే కణం ఊరికే ఉండిపోదు, మొద్దుబారిపోతుంది. 1987లో శాస్త్రవేత్తలు జెంకిన్స్, ష్వార్ట్జ్ ఈ సంగతి చూపించారు. అదే బీ7ను టి కణం మీదే ఉండే సీటీఎల్ఏ-4 అనే మరో అణువు ఇంకా గట్టిగా పట్టుకుని కణాన్ని ఆపుతుంది. దాన్ని అడ్డుకుంటే క్యాన్సర్‌పై దాడి ఊపందుకుంటుందని నిరూపించిన జేమ్స్ అలిసన్‌కు 2018లో నోబెల్ వచ్చింది. కీళ్లవాతానికి వాడే అబాటసెప్ట్ బీ7ను కప్పేసి రెండో సంకేతం అందకుండా చేస్తుంది. దాని బయోసిమిలర్‌ను, అంటే దానికి దాదాపు సమానమైన మందును, మన నగరానికి చెందిన డాక్టర్ రెడ్డీస్ అభివృద్ధి చేస్తోంది.

జర్మనీ కంపెనీ టెజెనెరో తయారుచేసిన టీజీఎన్1412 దారి వేరు. మొదటి సంకేతంతో పని లేకుండా, సీడీ28 ఒక్కదాన్నే పట్టుకుని టి కణాన్ని లేపే యాంటీబాడీ అది. సిగ్నల్ చూడకుండా స్టేషన్‌లోని రైళ్లన్నిటికీ ఒకేసారి జెండా ఊపడం లాంటిది. ఇలాంటి యాంటీబాడీతోనే ఎలుకల్లో రోగనిరోధక దాడిని అదుపుచేసే నియంత్రణ టి కణాలు పెరిగి జబ్బు తగ్గింది. కోతులకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల టీజీఎన్1412 ఇచ్చినా ప్రమాదమేమీ కనిపించలేదు. మందు అతుక్కునే చోటు కోతిలోనూ మనిషిలోనూ ఒకేలా ఉంది కాబట్టి ఫలితమూ ఒకేలా ఉంటుందనుకున్నారు. మనిషికి అందులో 500వ వంతు, కిలోకు 0.1 మిల్లీగ్రాము చాలన్నారు.

ఆ మార్చి 13 ఉదయం నార్త్‌విక్ పార్క్‌లో ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు మందు ఎక్కించారు. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు, ఒకరికీ మరొకరికీ మధ్య దాదాపు పది నిమిషాల ఎడం. మొదటి వ్యక్తికి తలనొప్పి వచ్చేసరికి ఆరో వ్యక్తి ఒంట్లోకీ మందు వెళ్లిపోయింది. గంటన్నరలోగా నడుము నొప్పి, వణుకు, జ్వరం. ఒంట్లో సైటోకైన్లనే రోగనిరోధక సంకేత రసాయనాలు ఒక్కసారిగా వెల్లువెత్తాయి, దీన్నే సైటోకైన్ తుపాను అంటారు. ఆ తర్వాత రక్తపోటు పడిపోయి, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అందరినీ ఇంటెన్సివ్ కేర్‌కు తరలించారు. ఆరుగురూ బతికారు గానీ, ఒకరు కాలివేళ్లు, కొన్ని చేతివేళ్ల కొనలు కోల్పోయారు.

తర్వాత వచ్చిన నిపుణుల నివేదిక మోతాదు లెక్కలను, అందరికీ ఒకేరోజు మందు ఇవ్వడాన్ని తప్పుపట్టింది. మన దగ్గర ఈ ఘటనను ప్రస్తావించే వారు ఇక్కడితో ఆగిపోతారు. అసలు మలుపు 2010లో ఉంది. గతంలో చేసిన పోరాటాల జ్ఞాపకం మోసే, సీడీ4 అనే రకానికి చెందిన ఒక తరగతి టి కణాలపై మనుషుల్లో సీడీ28 ఉంటుంది, ఆ కోతుల్లో ఉండదు. బ్రిటన్‌లో జీవ ఔషధాల ప్రమాణాలు చూసే సంస్థ ఎన్‌ఐబీఎస్‌సీ పరిశోధకులు ఈ తేడాను బయటపెట్టారు. లండన్‌లో తుపాను రేపినవి ఆ కణాలేనన్నది వారి నిర్ధారణ. అంటే కోతికి ఎంత మోతాదు ఇచ్చినా ఈ ప్రమాదం కనిపించేది కాదు.

జంతు పరీక్షలు ఉండాలనే వారి వాదనలో బలం లేకపోలేదు. గాజు పళ్లెంలో కాలేయం ఉండదు, గర్భంలోని పిండం ఉండదు. పైగా 2006కు ముందు మానవ రక్తకణాలతో చేసిన పరీక్షా ఈ ప్రమాదాన్ని పసిగట్టలేదు. ఇది నిజమే. అయితే అది కణాల లోపం కాదు, పరీక్ష పెట్టిన తీరులోని లోపం. మందును ద్రావణంలో కలిపితే రక్తకణాలు కదల్లేదు. అదే మందును ప్లాస్టిక్ పళ్లెం గుంటల్లో ఆరబెట్టి అడుగుకు అంటుకునేలా చేసి, పైన కణాలు పోస్తే సైటోకైన్లు వరదలా వచ్చాయి. 2011లో జర్మన్ పరిశోధకులు మరో మార్గం చూపారు. రక్తకణాలను ముందుగా రెండు రోజులు కిక్కిరిసినట్టు పెంచితే ద్రావణంలోని మందుకూ స్పందించాయి. కోతిలో లేని కణాన్ని మాత్రం ఏ పద్ధతీ తెచ్చిపెట్టలేదు.

కణాలను కిక్కిరిసినట్టు పెంచే ఆ జర్మన్ పద్ధతి ఆధారంగానే టీజీఎన్1412 యాంటీబాడీని టీఏబీ08 పేరుతో రష్యాలో మళ్లీ మనుషులకు ఇచ్చారు. ఈసారి కిలోకు 0.1 మైక్రోగ్రాము దగ్గర, అంటే లండన్ మోతాదులో వెయ్యో వంతుతో మొదలుపెట్టారు. 30 మందిలో ఎవరికీ సైటోకైన్ తుపాను రాలేదు.

2023లో మన క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను సవరించినప్పుడు మానవ కణ పరీక్షలకు, అవయవాల పనితీరును కణాలతో అనుకరించే చిన్న పరికరాలైన ఆర్గాన్ చిప్‌లకు చోటిచ్చారు. వాటిని వాడవచ్చు అన్నారు, వాడి తీరాలి అనలేదు. సీడీ28 వంటి సంకేతాలను తాకే మందులకైనా ఆ మాట మార్చాలా వద్దా అన్న దగ్గరే ఇప్పుడు రెండు పక్షాలూ నిలబడి ఉన్నాయి.