మెథడోన్ క్యూలో నిద్రమాత్ర ఎలా చేరింది

హెరాయిన్ మానడానికి చికిత్స తీసుకుంటున్న మనిషి మూత్ర పరీక్షలో హెరాయిన్ ఉండదు, డయజెపామ్ అనే నిద్రమాత్ర ఆనవాలు మాత్రం కనిపిస్తుంది. చాలా క్లినిక్‌లు దీన్ని ఏళ్ల తరబడి మోసంగానే చూశాయి. ఎందుకు వేసుకున్నావని అడిగినవాళ్లు తక్కువ.

ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే బెంజోడయజెపిన్ రకం మందుల్లో లిబ్రియం 1960లో, వాలియం (డయజెపామ్‌కు అమ్మకపు పేరు) 1963లో మార్కెట్లోకి వచ్చాయి. పాత నిద్రమందులైన బార్బిట్యురేట్లంత ప్రమాదం లేదని డాక్టర్లు ధారాళంగా రాశారు. విడిగా వేసుకున్నంతవరకు ఆ మాట చాలావరకు నిజమే. ఇంచుమించు అదే సమయంలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే డాక్టర్లు హెరాయిన్‌కు బదులు రోజూ ఇచ్చే మెథడోన్ అనే మందుతో చికిత్స మొదలుపెట్టి, 1965లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు మందు ఇచ్చి ఊరుకోలేదు. చదువు, ఉద్యోగం, ఉండడానికి చోటు కూడా చూశారు.

1970ల్లో క్లినిక్‌లు పెరిగాయి, ఆ రెండో సగం చాలాచోట్ల జారిపోయింది. మిగిలింది పొద్దున్నే క్యూ, కిటికీ, చిన్న కప్పులో మందు. నర్సు కళ్లెదుటే తాగాలి, మింగినట్టు తెలియడానికి ఓ మాట మాట్లాడాలి. పైగా చాలా క్లినిక్‌లు డోసు తగ్గించి ఇచ్చేవి. చాలని డోసు తెల్లారకముందే దిగిపోతుంది. చెమటలు, ఒళ్లు నొప్పులు, కంటిమీద కునుకుండదు. అన్నాళ్లూ హెరాయిన్ కప్పిపెట్టిన భయాలు, చిన్ననాటి దెబ్బలు అప్పుడే పైకి లేస్తాయి. వాటికి కిటికీ దగ్గర మందు లేదు, బయట వాలియం ఉంది.

అందరూ బాధకే వేసుకున్నారంటే అదీ అబద్ధమే. మెథడోన్ తాగిన కాసేపటికే ఎక్కువ మొత్తంలో డయజెపామ్ వేసుకుంటే మత్తు బాగా ఎక్కుతుందని రోగులే చెప్పినట్టు 1980ల తొలినాళ్లలోనే పరిశోధకులు రాశారు. ఒకే మనిషి ఒకరోజు నిద్ర కోసం, ఇంకోరోజు కిక్కు కోసం వేసుకోవచ్చు.

చిక్కల్లా రెండూ కలిసినప్పుడే. మెథడోన్, హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ ఊపిరిని నెమ్మదింపజేస్తుంది, నిద్రమాత్ర దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. మెథడోన్ ఒంట్లో రోజుకు పైగా ఉంటుంది కాబట్టి రాత్రి మాత్రకు పొద్దుటి డోసు తోడవుతుంది.

మాత్రను మార్చి చూసినవాళ్లున్నారు. బ్రిటన్‌లో టెమజెపామ్ అనే నిద్రమందు క్యాప్సూల్‌లోని ద్రవాన్ని సూదితో ఎక్కించుకుంటున్నారని, లోపల జెల్ నింపారు. వాడేవాళ్లు దాన్ని వేడిచేసి ఎక్కించుకున్నారు. జెల్ రక్తనాళాల్లో మళ్లీ గడ్డకట్టి, కొందరికి వేళ్లు, కాళ్లు తీసేయాల్సి వచ్చింది. 1990ల మధ్యలో అక్కడి ప్రభుత్వ వైద్యంలో ఆ క్యాప్సూళ్లు రాయడం ఆపేశారు.

1993లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం మెథడోన్ ఒక్కటే ఇచ్చినవాళ్లను, దానికి కౌన్సెలింగ్, మానసిక వైద్యం, ఉద్యోగ సాయం కలిపినవాళ్లను పోల్చింది. ఎక్కువ సేవలు అందినవాళ్లే బాగా కోలుకున్నారు. డోల్, నిస్వాండర్ మొదట చేసిందీ అదే కదా!

2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఎఫ్‌డీఏ, ఓపియాయిడ్లను బెంజోడయజెపిన్లతో కలిపి వాడితే ప్రాణాపాయమని తీవ్ర హెచ్చరిక జారీచేసింది. మరుసటి ఏడాదే ఇంకో వివరణ ఇచ్చింది: నిద్రమాత్రలు వాడుతున్నారన్న కారణంతో మెథడోన్‌ను, అదే చికిత్సకు వాడే బ్యూప్రెనార్ఫిన్‌ను ఆపేయొద్దు, చికిత్స లేకపోతే జరిగే హాని ఇంకా పెద్దదని. అలాగని నిద్రమాత్రను ఒక్కసారిగా మాన్పించినా ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు. నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఆ నెలలన్నీ రోగికి రాత్రిళ్లు నిద్ర ఎలా పట్టాలన్నది కూడా క్లినిక్ పనే.