కుప్పానికి కృష్ణా నీళ్లొచ్చాయి, చెరువు లెక్క ఎవరు చూడాలి?

2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం నీళ్లు కుప్పం చేరాయి. ఆ నీటితో చెరువులు నింపుతామంటున్నారు. నిండిన చెరువును ఎవరు పంచాలి, ఎవరు కాపాడుకోవాలి అన్న ప్రశ్న మాత్రం చిత్తూరు జిల్లాలో ఎప్పటి నుంచో ఉంది.

ఏడాది పొడవునా పారే ఏరు లేని సీమ ఇది. అందుకే ఊరూరా చెరువు కట్టుకున్నారు. తూము తెరిచి మడి మడికీ నీళ్లు పంచే పని నీరుగంటిది. పంట రాగానే అతని వాటా గింజలు కళ్లంలోనే కొలిచేవారు. చెరువు మరమ్మతు చూసేవారికి దశబంధం ఇనాం భూములుండేవి. ఆయకట్టులో సెంటు భూమి లేనివాళ్లకు అక్కడ మాట చెల్లేది కాదు, అదీ నిజమే. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. చెరువులు క్రమంగా ప్రభుత్వ శాఖల చేతికి వెళ్లాయి. పూడిక పేరుకుపోయింది.

ఆ తర్వాత బోర్లు వచ్చాయి. ఎవరి బోరు వారిదయ్యాక కట్ట మీదికి వెళ్లి చూసే అవసరం తగ్గింది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వచ్చిన వాల్టా చట్టం బోరుకు అనుమతి ఉండాలంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఇక్కడ అడుగున ఉన్నది గట్టి రాయి, నీళ్లుండేది దాని పగుళ్లలోనే. పక్క చేనులో ఇంకో వంద అడుగులు లోతుకు దించితే మన బోరు ఎండిపోతుంది. మళ్లీ అప్పు, మళ్లీ టెన్షన్.

ఈ పరుగును కొంతైనా ఆపిన పని ఒకటి జరిగింది, అది అందరికీ తెలియాలి. 2003లో చిత్తూరుతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజలాల ప్రాజెక్టు మొదలైంది. ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పడింది. వాన ఎంత పడిందో, బోర్లలో నీళ్లు ఏ లోతులో ఉన్నాయో రైతులే కొలిచి రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, అనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని లెక్క వేశారు. వరి వేయొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. లెక్క కళ్ల ముందుంటే చాలామంది తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.

చిన్న రైతు దిగుబడి నిలిచేదీ అక్కడే. వేరుశనగ ఊడలు (కాయ పట్టే కాడలు) నేలలోకి దిగే సమయంలో వాన మొహం చాటేస్తే, ఎంత మంచి విత్తనం వేసినా కాయ నిండదు. అప్పుడు ఒక్క తడి అందితే పంట దక్కుతుంది. ఆ ఒక్క తడి కోసం నీళ్లు మిగిల్చుకోవాలంటే పక్క రైతుతో ముందే మాట్లాడుకోవాలి.

ప్రాజెక్టు గడువు ముగిశాక కొలిచే పని చాలా ఊళ్లలో రైతుల ఓపిక మీదే ఆధారపడింది. కాలువ తవ్వకానికి బడ్జెట్లో పద్దు ఉంది. ఊళ్లో నీటి లెక్క రాసే మనిషికీ ఒక పద్దు ఉండాలి.